దొరగారి కప్పులో బార్లీ నీళ్ళు

రేపల్లె,
3-10-1994

ప్రభువునందు ప్రియులైన వేంకటసుబ్రహ్మణ్యం పంతులుగారికి, కృపారావు వందనములు.

పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ మీకు పని చెబుతున్నాను. కూర్చుని చదవండి.

మా సంఘంలో సంజీవరావని ఒకాయన ఉన్నాడు. పూర్వం రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఊళ్ళో మూడు వందల ఇళ్ళకి తీగలు లాగి కేబుల్ టీవీ నడుపుతున్నాడు. బొంబాయిలో ఒక కంపెనీవాళ్ళు ఇతనికి వారం వారం అమెరికా ప్రోగ్రాం కాసెట్లు పంపుతామన్నారట. జనం చూస్తే సరే, చూడకపోతే మూడు నెలల్లో ఆపేస్తారు. అక్కడివాళ్ళు పడుకోబోయే ముందు చూసే ప్రోగ్రామట అది. ఇక్కడ సాయంత్రాలు సినిమాలకే చాలవు కనక రోజూ పొద్దున్న ఏడున్నరకి, ఇడ్లీల వేళకి వేస్తాడు.

నాకు ఒకటి చూపించాడు. కోటు తొడుక్కున్న దొర ఒకాయన నిలబడి మాట్లాడతాడు, జనం నవ్వుతారు. తర్వాత బల్ల వెనక కూర్చుంటాడు. బల్ల మీద ఒక కప్పు. పక్కన వాయిద్యాలు. ఒక్కొక్కరే వచ్చి, మన కూటాల్లో సాక్ష్యం చెప్పినట్టు కుర్చీలో కూర్చుని ఏదో చెబుతారు, మళ్ళీ నవ్వులు. "దీనికి తెలుగు మీరే చెప్పాలండీ, యోహాన్సన్ దొరగారికి ఇరవై ఏళ్ళు తర్జుమా చేశారు కదా!" అన్నాడు సంజీవరావు. నేను గంభీరంగా తల ఊపాను.

నా సంగతి మీకొక్కరికే తెలుసు. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. గొంతు ఉందని మిషనరీ యోహాన్సన్ దొరగారు నన్ను పక్కన నిలబెట్టుకున్నారు కానీ నాకు ఇంగ్లీషు ఎక్కడిది? ఆయన టైపు చేసిన ప్రసంగం గురువారం మీ గదికి తేవడం, మీరు తెలుగు రాయడం, నేను బట్టీపట్టి ఆదివారం అప్పజెప్పడం. ఓసారి ఆయన రెండు పేజీలు వదిలేస్తే నేను వదలక, ఆయన కూర్చున్నాక కూడా నాలుగు నిమిషాలు తర్జుమా చేశాను, గుర్తుందా?

ఆయన వెళ్ళిపోయాక నన్ను ఎవరూ పిలవలేదు. ఇంట్లో ఉప్పు అడగడానికి తప్ప ఈ గొంతుకి పనిలేదు పంతులుగారూ. బొంబాయి పార్సిలు ఎలాగూ తెనాలిలోనే బండి మారాలి. మీరు విడిపించుకుని, మీ మేనల్లుడి వీసీఆర్‌లో చూసి, తెలుగు రాసి, కాసెట్లతోపాటు రైలు గార్డు మత్తయి చేతికిస్తే పాసింజరులో నాకు చేరుతుంది. కాదనకండి.

మీ
కృపారావు

~

తెనాలి,
8-10-94

మహారాజశ్రీ తర్జుమా గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి పదిహేను నిమిషాలు నవ్వాను. నవ్వడం మరిచిపోయి రెండేళ్ళయింది.

సంధ్యవార్చుకునే బాపడు ఇరవై ఏళ్ళు లూథరన్ కూటాలకి ప్రసంగాలు రాశాడని తెలిస్తే అటు మీవాళ్ళూ ఇటు మావాళ్ళూ ఏకమై తన్నేవాళ్ళు. మా ఆవిడ కామేశ్వరమ్మకి మాత్రం తెలుసు. గురువారం సాయంత్రం వంటింట్లోంచే "ఈ వారం ఎవరు తప్పిపోయారండీ, గొర్రెపిల్లా, కొడుకా?" అని అడిగేది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. అందుకే ఒప్పుకుంటున్నాను.

ఒక్క షరతు. అప్పుడు మీవాళ్ళ కూటాల్లో నా పేరు చెప్పడం కుదరదన్నారు, సరే అన్నాను. ఇది అమెరికావాడి తమాషా. దీనికి మతం అడ్డం లేదు. రోజూ చివర్లో ఒక్క వాక్యం చెప్పాలి: "ఈ మాటలు తెనాలి వేంకటసుబ్రహ్మణ్యంగారివి." అంతే. అచ్చులో ఎక్కడా నా పేరు లేదు, పెన్షను కాగితం మీద తప్ప. ఒకసారి గొంతులో వినాలని ఉంది, అదీ మీ గొంతులో.

ఇట్లు
వేం. సుబ్రహ్మణ్యం

~

రేపల్లె,
24-10-1994

పంతులుగారికి వందనములు.

మొదటి వారం అయింది. దేవునికి స్తోత్రం! సంజీవరావు టీవీలో దొర గొంతు నొక్కేసి నా ముందు మైకు పెట్టాడు. దొర నోరు తెరవగానే నేను తెరిచాను. ఆయన మూసినా నేను మూయలేదు. బజారులో నడుస్తుంటే కిటికీల్లోంచి జనం చెయ్యి ఊపుతున్నారు.

మీరు ఎంత బాగా రాశారండీ! కరెంటు కోత మీద దొర విసుర్లు, మార్కెట్లో ముదిరిన బెండకాయ అంటగట్టినవాడి కథ, గోంగూరలో ఉల్లిపాయ నంజుకోవాలా కలపాలా అన్న వాదన. "అమెరికాలోనూ ఇదే గోలన్నమాట" అని ఇడ్లీ హోటల్లో ఆశ్చర్యపోతున్నారు. మా బైబిలు స్త్రీ కాంతమ్మగారు మీకు తెలుసుగా, ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెబుతుంది, ఆకులూ వేళ్ళూ తెచ్చి వైద్యం కూడా చేస్తుంది. ఆవిడ తెల్లచీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంటోందట. "ఆయన మన మనిషిలా ఉన్నాడయ్యా!" అంది.

పేరు సంగతి. నోటి చివరిదాకా వచ్చింది పంతులుగారూ. కానీ మాటలు మీవని చెబితే, వెనకటివి ఎవరివి అని అడగరా? ఈ ఊళ్ళో నన్ను తర్జుమా కృపారావు అంటారు. నాకున్నది ఆ పేరొక్కటే. మూడు నెలల గడువు దాటనివ్వండి, తప్పకుండా చెబుతాను.

కాంతమ్మగారు ఒకటి అడగమంది. బల్ల మీద కప్పు పెట్టుకుంటాడు కదా, ఎప్పుడో గానీ తాగడు, తాగినా మొహం అదోలా పెడతాడు. అందులో ఏముంది? ఊరంతా ఇదే చర్చ.

మీ
కృపారావు

~

తెనాలి,
29-10-94

తర్జుమా గారికి,

గడువు దాటనిస్తాను. దాటాక మరో గడువు అనకండి.

కప్పులో బార్లీ నీళ్ళు. దొరగారికి మూత్రపిండంలో రాయి. డాక్టరు రోజుకి రెండు లీటర్లు తాగమన్నాడు, సయించక పక్కన పెట్టుకుంటున్నాడు. సోమవారం కాసెట్టుకి అదే రాశాను, చూడండి. రాయి కదిలినప్పుడు నడుం దగ్గర మొదలై కిందికి ఎలా లాగుతుందో కూడా వివరంగా ఉంది. అక్కడ తొందరపడి చదవకండి.

వేం. సు.

~

రేపల్లె,
5-12-1994

పంతులుగారికి వందనములు.

రాయి మాట చదివిన రోజునుంచి ఊరు ఊరులా లేదు. ఆదివారం ఆరాధనలో దొరగారి మూత్రపిండం కోసం ప్రత్యేక ప్రార్థన జరిగింది. శివాలయం అయ్యవారు కూడా ఆయన పేరు మీద అభిషేకం చేయిస్తాననీ, గోత్రం ఏమిటనీ కబురు చేశారు. కాంతమ్మగారు కాలవగట్టుకి వెళ్ళి రాయిని కరిగించే కొండపిండి ఆకు కోసి, ఎండబెట్టి, గుడ్డసంచుల్లో కుట్టింది. కాసెట్టు డబ్బా మీద బొంబాయి అడ్రసు ఉంది కదా, అక్కడికి పంపింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ పంపారు. పోస్టుమాస్టరు లెక్కపెడితే రెండు వందల పద్నాలుగు పొట్లాలు, అన్నింటిలో ఉత్తరం, కషాయం పెట్టే విధానం. కంపెనీవాళ్ళు ముగ్ధులై గడువు కూడా ఎత్తేశారట.

ఇంకో మాట. అడగాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. శుక్రవారం ప్రోగ్రాంలో దొర నెత్తిన బతికున్న కోడిని పెట్టుకుని గెంతుతున్నాడు. జనం పడీపడీ నవ్వుతున్నారు. మీ కాగితంలోనేమో, ఆయన భార్య పోయిన రోజు పొద్దున్న ఆవిడే మినపప్పు నానబోసిందనీ, మూడో రోజున గిన్నె వాసన వేస్తే గానీ ఎవరికీ గుర్తు రాలేదనీ, దాన్ని పారబొయ్యడానికి ఆయనకి చెయ్యి రాలేదనీ ఉంది. చదివేశాను. ఆ పొద్దు రేపల్లెలో ఎవరూ ఇడ్లీ ముట్టలేదు. హోటలాయన నన్ను తిట్టాడు.

బాగుంది పంతులుగారూ, చాలా బాగుంది. కానీ నెత్తిమీద కోడి ఎందుకు?

మీ
కృపారావు

~

తెనాలి,
12-12-94

కృపారావుగారూ,

కోడి ఎందుకో నాకు తెలియదు.

ఇన్నాళ్ళూ దాచాను. ఇక దాచను. ఆయన చెప్పేదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇంగ్లీషు గ్రామరు చెప్పాను. కాగితం మీద అయితే ఎంతటి వాక్యాన్నయినా విప్పి ఆరేస్తాను. నోట్లోంచి వచ్చే అమెరికా ఇంగ్లీషు నా వల్ల కాదు. యోహాన్సన్ దొర టైపు చేసి ఇచ్చాడు కనక బతికిపోయాం. మొదటి కాసెట్టు పదకొండుసార్లు వేయించాను. వీసీఆర్ వేడెక్కి మా మేనల్లుడు చంద్రశేఖరం కోప్పడ్డాడు. చివరికి దొర పెదాలు ఎంతసేపు కదులుతాయో చూసుకుని, అంతసేపటికి సరిపోయే నా మాటలు రాశాను. అప్పటినుంచి అంతే. ఒక్క వాక్యం కూడా ఆయనది కాదు.

అంచేత ఇదివరకు నేను పేరు అడిగింది తర్జుమాకి. ఇప్పుడు అడుగుతున్నది సొంత సొత్తుకి. గడువు ఎత్తేశారని మీరే రాశారు. ఎల్లుండి చెబుతారా?

వేం. సు.

~

రేపల్లె,
20-1-1995

పంతులుగారికి అనేక వందనములు.

మీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయకపోవడం నా తప్పు, పేరు చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. మీకు ఇంగ్లీషు రాదని తెలిసి రెండు రోజులు అన్నం సయించలేదు. మీకు వచ్చు కదా అని ఇన్నేళ్ళూ ధైర్యంగా ఉన్నాను.

ఇప్పుడు కొంప మునిగింది. ఆకుల పొట్లాలు బొంబాయినుంచి అమెరికా దాకా వెళ్ళాయట. ఈ ప్రోగ్రాంని దేశదేశాలకి పంపే ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసే దొరసాని, నలభై దేశాల్లో ఎక్కడా ఇట్లాంటిది చూడలేదని స్వయంగా రేపల్లె వస్తోంది. ఫిబ్రవరి నాలుగు, శనివారం, మిషన్ స్కూలు ఆవరణలో సభ. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. తర్జుమా: కృపారావు. సంజీవరావు కరపత్రాలు కూడా వేయించేశాడు.

కాగితం ఇవ్వదట. అప్పటికప్పుడు మాట్లాడుతుందట. మీరు రండి. కాసెట్టులోలా కాక ఎదురుగా నిదానంగా మాట్లాడితే మీకు కొంతైనా తెలుస్తుంది. పందిట్లో తెర కట్టిస్తాను. వెనక కూర్చుని ఒక్కో మాటా అందించండి. లేకపోతే ఆ రోజు మూడు వందల ఇళ్ళవాళ్ళ ముందు నేను మూగవాణ్ణవుతాను.

మీ
కృపారావు

~

తెనాలి,
27-1-95

శ్రీ బి. కృపారావు, రిటైర్డ్ డ్రిల్లు మాస్టరు గారికి,

ముప్పై మూడేళ్ళుగా తెర వెనకే ఉన్నాను. కొత్తగా తెర కట్టించనక్కర్లేదు.

నేను రాను. ప్రయాణం చేసే ఓపిక కూడా లేదు. ఈ వారం కాసెట్లు మత్తయి చేతికిచ్చాను, కాగితాలు లేవు. పాతవే చదువుకోండి.

వేం. సుబ్రహ్మణ్యం

~

రేపల్లె,
6-2-1995

పంతులుగారూ,

మీ కోపం న్యాయమైనదే. జరిగింది రాస్తాను.

సభకి వెయ్యి మంది వచ్చారు. దొరసాని పొడుగ్గా ఉంది, కాంతమ్మగారు వేసిన కనకాంబరాల దండ మెళ్ళోంచి తియ్యలేదు. వెంట వచ్చిన బొంబాయి ఆయనకి తెలుగు రాదు. ఆవిడ మైకు ముందు నిలబడి ఒక వాక్యం చెప్పింది. ఆగింది. నా కేసి చూసింది. వెయ్యి మందీ నా కేసి చూశారు.

బుర్రలో ఏమీ లేదు పంతులుగారూ. అప్పుడు బాపట్ల కూటాల్లో, 1962లో, మీరు నాకు రాసిన మొట్టమొదటి ప్రసంగం దానంతటదే నోట్లోకి వచ్చింది. పది వెండినాణేల్లో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ. ఆవిడ ఇంకో వాక్యం చెప్పింది. నేను దీపం వెలిగించాను. ఆవిడ ఇంకోటి చెప్పింది. నేను ఇల్లు ఊడ్చాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ఎందుకో తెలియదు. ఇక్కడ జనమూ తుడుచుకుంటున్నారు. ముసలివాళ్ళు కొందరు నాతోపాటు పెదాలు కదుపుతున్నారు. వాళ్ళకి కూడా ఆ ప్రసంగం గుర్తుంది!

చివరి వాక్యం దగ్గర ఆగాను. "ఇంట్లో ఉన్నదాన్ని పోయిందనకు అమ్మా, నువ్వు వంగి చూడలేదంతే." ఇది దొరగారి టైపు కాగితంలో లేదని నాకు అప్పుడే తెలుసు. ఆ రోజు బాపట్లలో ఆయన కూర్చున్నాక కూడా నా దగ్గర ఇంకో వాక్యం మిగిలింది. అది మీరు వేసింది. ముప్పై మూడేళ్ళు నేను వంగి చూడలేదు.

మైకు గట్టిగా పట్టుకుని చెప్పేశాను. "అయ్యలారా, అమ్మలారా, ఈ మాటలు నావి కావు. రోజూ పొద్దున్న మీరు వింటున్న మాటలు, మిమ్మల్ని నవ్వించి ఏడిపించిన మాటలు, అన్నీ తెనాలి వేంకటసుబ్రహ్మణ్యంగారివి." అని మూడుసార్లు చెప్పాను. రాళ్ళు పడతాయనుకున్నాను.

చప్పట్లు మోగాయి. కాంతమ్మగారు లేచి నిలబడి, "నేను ముందే అనలా, ఆయన మన మనిషేనని! దొరది మన తెనాలేనంట!" అని కేకేసింది. ఇక ఆగలేదు. "అందుకే గోంగూర సంగతి తెలుసు", "అందుకే కరెంటు కోత తెలుసు", "కోటు వేస్తే మాత్రం మన పోలిక ఎక్కడికి పోతుంది" అని వెయ్యి మందీ ఒకటే సంబరం. కాదు మొర్రో అని అరిచాను. ఎవరు వింటారు? అక్కడే, ఆ క్షణమే, తెనాలి వేంకటసుబ్రహ్మణ్యంగారి మూత్రపిండంలో రాయి కరగాలని మోకాళ్ళూని ప్రార్థన చేశారు. శివాలయం అయ్యవారు ఇక గోత్రం తెలుసుకోవడం తేలికంటున్నారు.

దొరసాని నన్ను కావలించుకుని ఒక ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టింది. దీంతో పంపుతున్నాను. ఏముందో మీరే చెప్పాలి.

నేను క్షమాపణ అడగడానికి తగను. మీ పేరు చెప్పాను, వాళ్ళు ఇంకెవరికో తగిలించారు. ఏం చెయ్యమంటారో చెప్పండి.

కృపారావు

~

తెనాలి,
11-2-95

ఒరే కృపారావూ,

ముప్పై మూడేళ్ళ తర్వాత ఒరే అంటున్నాను. నీకు అభ్యంతరమైతే చెప్పు.

నీ ఉత్తరం చదువుతూ నవ్వాను. నవ్వితే నడుంలో పొడిచింది, పొడిస్తే ఏడ్చాను, ఏడుస్తూ మళ్ళీ నవ్వాను. నర్సు వచ్చి కసిరింది. అవును, నర్సే. నాలుగో తారీఖున నువ్వు పందిట్లో ఉన్నప్పుడు నేను ఇక్కడ నర్సింగ్ హోంలో మంచం మీద ఉన్నాను. రానని కోపంతోనే రాశాను, నిజమే. కానీ కోపం లేకపోయినా వచ్చేవాణ్ణి కాదు.

ముందు నీ కాగితం సంగతి. టైపు చేసి ఉంది కనక నాకు అక్షరం అక్షరం అర్థమైంది. ఈ నెలాఖరుతో మన వైపు దేశాలకి ఆ ప్రోగ్రాం పంపడం ఆపేస్తున్నారు. ఉత్తరంలో చెప్పడానికి మనసొప్పక ఆవిడ స్వయంగా వచ్చి మీకు చెప్పిపోయింది. ఇంత దుర్వార్తని ఇంత ప్రేమగా ఆలకించిన ఊరు తాను చూడలేదట. పోతే, ఆకులకి కృతజ్ఞతలు. దొరగారికి మూత్రపిండాలు రెండూ భేషుగ్గా ఉన్నాయట. ఆయనకి రాయి ఉందని రేపల్లెవాళ్ళకి ఎవరు చెప్పారో అమెరికాలో ఎవరికీ అంతుపట్టలేదట.

రాయి నాదిరా.

మొదటి కాసెట్టు చూసేనాటికే ఉంది. ఆయన బల్ల మీద ఒక కప్పు, నా బల్ల మీద నా బార్లీ నీళ్ళు. ఆయన మాట ఎలాగూ తెలియడం లేదు. నాకు తెలిసింది రాశాను. మినపప్పూ నాదే. ఆ గిన్నె పారబొయ్యలేనివాణ్ణి నేనే. ఎవరితోనూ అనలేదు, నీతో కూడా. ఆ దొర మొహం మీద వేసి, నీ గొంతులో పెట్టి పంపించేశాను.

బుధవారం గుంటూరులో కోత పెడదామంటున్నారు. భయంగా ఉంది. ఆ ఆకు ఏమైనా మిగిలిందా?

ప్రోగ్రాం ఆగిపోతోంది కనక నీకూ నాకూ మళ్ళీ పని లేదు. అదొక్కటే నాకు బాధ.

సుబ్రహ్మణ్యం

~

రేపల్లె,
13-2-1995

పంతులుగారూ,

మీరు ఒరే అనండి. నాకు మాత్రం గారు తప్ప నోరు తిరగదు.

ఉత్తరం చదివి నేరుగా కాంతమ్మగారింటికి వెళ్ళాను. రాయి మీదేననీ, దొర వేరు మీరు వేరనీ గంటసేపు విడమరిచి చెప్పాను. అంతా విని, "సరేలేవయ్యా, అమెరికానుంచి తెనాలి ఆసుపత్రికి వచ్చారన్నమాట, మరీ మంచిది, దగ్గరే" అంది. రెండు సంచులు ఇచ్చింది. పొద్దున్న పరగడుపున గ్లాసుడు కషాయం, ముందు డాక్టరుకి చెప్పి మరీ తాగించమంది.

పని లేదని ఎవరన్నారు? సంజీవరావు దగ్గర డెబ్భై కాసెట్లు ఉన్నాయి. మీరు కాగితాలు పంపని వారం నేను పాత మాటలే కొత్త బొమ్మలకి చదివాను, ఒక్కరూ అడగలేదు. ఇక పాత బొమ్మలకి కొత్త మాటలు చదువుతాను. దొర పెదాలు కదిలితే చాలు. ఊరికి కావలసింది ఆయన కాదని ఊరికి తప్ప అందరికీ తెలుసు. ఆసుపత్రిలో విసుగొస్తే నర్సు సంగతులు రాసి పెట్టండి. రోజూ చివర్లో మీ పేరు చెబుతాను. వాళ్ళు ఎవరికి తగిలించుకుంటారో వాళ్ళిష్టం, చెప్పడం మాత్రం మానను.

భయపడకండి. మూడు నెలలకి పైగా మూడు వందల ఇళ్ళవాళ్ళు ప్రార్థిస్తున్నది మీ రాయి గురించే. అడ్రసు తప్పు రాశామంతే. పైవాడికి తర్జుమా అక్కర్లేదు.

రేపు పొద్దున్న పాసింజరుకి వస్తున్నాను, గుంటూరు కూడా వస్తాను. నర్సుతో చెప్పి కషాయానికి ఒక గిన్నె సిద్ధం చేయించండి.

మీ
కృపారావు